నాచారంలో మాయమైన అరకిలోమీటరు

“ప్రతి నేరం వెనకాల ఒక కాగితం ఉంటుంది. ప్రతి కాగితానికీ ఒక జిరాక్స్ ఉంటుంది. నాచారంలో ప్రతి జిరాక్సూ నా చేతుల మీదుగానే పోతుంది. కనుక, మిత్రమా, ఈ ఏరియాలో తప్పు చేసి నా కళ్లుగప్పగల మొనగాడు ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు!”

ఈ మాటలన్నది టిమోతి. అన్న చోటు నాచారం చౌరస్తా పక్క సందులో అతని దుకాణం. బోర్డు మీద ‘టిమోతి జిరాక్స్, లామినేషన్, అపరాధ పరిశోధన’ అని మూడు రంగుల్లో రాసి ఉంటుంది. మొదటి రెండింటికీ గిరాకీ బాగానే ఉంది. మూడోదానికి ఏడేళ్లలో వచ్చింది ఒకటే కేసు, పక్కింటి రాహేలమ్మ మేక తప్పిపోవడం. మూడో రోజు ఆ మేక దానంతటదే ఇంటికొచ్చి ఆరేసిన చీర కొంగు నమిలింది. ‘ముద్దాయి లొంగిపోయింది’ అని రాసుకుని టిమోతి ఫైలు మూసేశాడు.

విన్నవాడు దుర్గేష్. చిన్నప్పటి దోస్తు కాబట్టి వినక తప్పదు.

“అయిందారా? అయితే జర గీ బిల్లు జిరాక్స్ తియ్యి. వాచీ వాపస్ ఇయ్యాలె.”

“వాచీ! వాపస్!” టిమోతి కళ్లజోడు సవరించుకున్నాడు. దానికి పవర్ లేదు. మొహానికి గాంభీర్యం వస్తుందని పెట్టుకుంటాడు. “కూర్చో. ఏ చిన్న వివరమూ దాచకు.” కేసు వాసన తగిలితే చాలు, టిమోతి నోట పుస్తకాల భాష వచ్చేస్తుంది. భయమేస్తే మాత్రం మళ్లీ అమ్మ నేర్పిన భాషే.

దాచడానికేముంది! దుర్గేష్ గోడు సందంతా తెలిసిందే. రెండేళ్ల కిందట కానిస్టేబుల్ సెలక్షన్‌కి పోయాడు. ఐదు కిలోమీటర్లు ఇరవై ఐదు నిమిషాల్లో పరుగెత్తాలి. ఇంటి దగ్గర రోజూ ఇరవై నాలుగులో కొట్టేసేవాడు. తీరా అక్కడికి పోతే ఇరవై ఆరున్నర దాటింది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. దిష్టి అని ఒకరు, బూట్లని ఒకరు, అన్నం ఎక్కువైందని ఒకరు. దుర్గేష్ మాత్రం తన గుండెలోనే దమ్ము లేదనుకుని లోలోపల కుమిలిపోయాడు. ఇప్పుడు మళ్లీ సెలక్షన్లు పడ్డాయి. పరుగుకి ఇక మూడు వారాలే ఉంది. వయసు లెక్కన అతనికి ఇదే ఆఖరు. ఇదీ తప్పితే, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో జిగురు పూస్తూ జీవితం గడపాల్సిందే.

“దిష్టి తీసింది చాలు, ఇగ కొలత తీద్దాం” అంది, సెలక్షన్లు పడగానే, అతని భార్య హిమజ. ఆమె ఉప్పల్‌లో మందుల షాపు కౌంటర్లో పనిచేస్తుంది. ఏదైనా డోసు ప్రకారం జరగాలంటుంది. చేతికి కట్టుకుంటే ఎంత దూరం, ఎంత సేపట్లో పరుగెత్తామో చెప్పే జీపీఎస్ వాచీలు వచ్చాయట. పదివేలు దాటకుండా ఒకటి కొందామని తేల్చింది.

హబ్సిగూడలో స్పోర్ట్స్ షాపుకి టిమోతి కూడా వెంటపడి వచ్చాడు, సాంకేతిక సలహాదారుగా. వచ్చీ రాగానే అద్దాల బీరువాలో అన్నిటికంటే పైనున్నది చూపించాడు.

“ఇది చూడు చెల్లెమ్మా! నీళ్లలో ఎంత లోతుకి దిగామో చెబుతుంది. కొండెక్కితే ఎత్తు చెబుతుంది. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది.”

“పరుగు గ్రౌండులనా, చెరువులనా అన్నా?” అంది హిమజ. “కీసరగుట్ట ఎక్కితే ఎత్తు మోకాళ్లే చెప్తయి. దూరం, టైము, స్పీడు. మూడు ముక్కలు సక్కగ చెప్పేది సూపియ్యమను.”

షాపువాడు అడుగు అరలోంచి పోయినేటి మోడల్ తీశాడు. రంగుల తెర లేదు, పాటలు లేవు. పట్టీ నల్లది, మొహం చదరం. ఛార్జింగ్ ఎంతసేపు నిలుస్తుంది, చెమటకి తట్టుకుంటుందా అని హిమజ రెండే రెండు ప్రశ్నలడిగింది. నచ్చకపోతే పది రోజుల్లో వాపస్ అని బిల్లు మీద రాయించుకుంది. గ్లాసు మీది ప్లాస్టిక్ పొరను కూడా పీకనివ్వలేదు.

తొమ్మిది రోజులు పరుగెత్తాక తేలింది అసలు తిరకాసు. ఇంటి ముందు నుంచి ఉప్పల్ స్టేడియం గోడ దగ్గరి సున్నపు గీత దాకా ఐదు కిలోమీటర్లు. వాచీ మాత్రం రోజూ నాలుగున్నరే అంటుంది. వంక పెట్టడానికి వీల్లేకుండా తొమ్మిది రోజులూ అదే మాట.

ఆ గీత గీసింది దుర్గేష్ తండ్రి కొమురెల్లి. కాలనీ గ్రౌండులో ఎప్పుడు చూసినా పెళ్లి షామియానాలే కాబట్టి, కొడుకు కోసం ఆయనే తెల్లారకముందే ఆటో తీసి, మీటరు వేసి, సరిగ్గా ఐదు తిరగగానే దిగి సున్నం పోశాడు. మన వైపు ఏ దూరమైనా అంతే కదా, ఆటో మీటరు మీద తిరిగిందే కిలోమీటరు.

“పన్నెండేండ్ల సంది నడుపుతున్న బండి” అని కొమురెల్లి వాచీని చీదరగా చూశాడు. “నా మీటరు అబద్ధమాడుతదా? ఆకాశంల ఎవనికో నాచారం గల్లీలు ఎర్కనా?”

కన్నతండ్రి మాటా, పోయినేటి మోడల్ మాటా? దుర్గేష్ తండ్రినే నమ్మాడు. రేపటితో పది రోజుల గడువైపోతుంది.

కథంతా విని టిమోతి లేచి నిలబడ్డాడు. “వాచీ నిజం చెబుతోంది. మీ నాన్నా నిజమే చెబుతున్నాడు. అంటే అర్థమేమిటి?”

“ఏంది?”

“అప్పుడు రోడ్డు ఐదు కిలోమీటర్లుంది. ఇప్పుడు నాలుగున్నరే ఉంది. మధ్యలో అరకిలోమీటరు రోడ్డుని ఎవడో కబ్జా చేశాడు!”

“రోడ్డు నడుమ ముక్క పోతే కనవడదారా?”

“ఒక్కచోట పోతే కనబడుతుంది. రోజుకింత, అక్కడ జానెడు ఇక్కడ బెత్తెడు కొరుక్కుంటూ పోతే? మెట్రో పిల్లర్లు లేస్తున్నాయి, ప్లాట్ల ధరలు లేస్తున్నాయి. ఇది మామూలు దొంగ పని కాదు. అంతర్జాతీయ ముఠా!” వాచీని లాక్కుని తన చేతికి కట్టుకున్నాడు. “సాక్ష్యం నా కస్టడీలో ఉంటుంది.”

“పగలగొట్టకురా నీ దండం పెడ్తా. రేపు వాపస్ ఇయ్యాలె!”

మర్నాడు పొద్దున్నే స్టేడియం గోడ దగ్గర నిఘా మొదలైంది. కొమురెల్లి ఆటోలో టిమోతీ, దుర్గేషూ వెనక సీట్లో కూర్చున్నారు. నిఘా తర్వాత నేరుగా హబ్సిగూడ పోయి వాచీ ఇచ్చేద్దామని దుర్గేష్ అట్టపెట్టె కూడా ఒళ్లో పెట్టుకున్నాడు. గుర్తుపట్టకుండా టిమోతి మంకీ టోపీ పెట్టుకున్నాడు. అటుగా పోయేవాళ్లంతా “ఏం టిమోతన్నా, దుకాణం తెరువలేదా?” అని పలకరించి మరీ పోతున్నారు.

ఏడు కావస్తుండగా ఒక సన్నపాటి మనిషి గోడ దగ్గరికొచ్చాడు. సంచిలోంచి పొడవాటి టేపు తీసి ఖాళీ జాగా ఈ మూల నుంచి ఆ మూలకి పరిచాడు. చీటీ మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత టేపు గిరగిరా చుట్టి సంచిలో వేసుకున్నాడు.

“చూశావా!” టిమోతి దుర్గేష్‌ని మోచేత్తో పొడిచాడు. “రోడ్డుని చుట్టి సంచిలో పెట్టుకుంటున్నాడు! పట్టపగలు!”

ఆ మనిషి వరంగల్ రోడ్డు వైపు పోయే షేర్ ఆటో ఎక్కాడు.

“కాకా! ఆ బండిని వదలొద్దు. పోనియ్యి!”

“కిరాయెవరిస్తరు?” అన్నాడు కొమురెల్లి.

“మీటరు వెయ్యి. డిపార్టుమెంటు ఖర్చు.”

“ఏ డిపార్టుమెంటు?”

“నాదే!”

కొమురెల్లి మీటరు తిప్పాడు. వెంటాట మొదలైన టైము నోట్ బుక్కులో రాసుకోవాలని టిమోతి వాచీ మీద ఏదో బొత్తాం నొక్కాడు. అది కీచుమంది. ఆపడానికి ఇంకోటి నొక్కాడు. లైటు వెలిగింది. ఇక లాభం లేదని ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

అంత ఘోరమైన వెంటాట ఉప్పల్ చరిత్రలో జరగలేదు. ముందున్న షేర్ ఆటో పది గజాలకోసారి ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటుంది. దాన్ని దాటిపోకూడదని వీళ్లూ ఆగుతారు. ఒకచోట కొమురెల్లి అలవాటుగా బ్రేకు వేసి, గోంగూర గంపతో నిలబడ్డ ముసలమ్మని ఎక్కించుకున్నాడు. “జర సర్దుకో బిడ్డా” అని ఆమె గంప తెచ్చి డిటెక్టివ్ ఒళ్లో పెట్టింది. టిమోతి గోంగూర చాటు నుంచే శత్రువుని కనిపెట్టాడు. బోడుప్పల్ మలుపు దాటి, మేడిపల్లి దాటి, నారపల్లి దాటి పోయి పోయి అన్నోజిగూడలో ఆ సన్నపాటి మనిషి దిగాడు.

గోంగూర రాల్చుకుంటూ టిమోతి ఎదురుగా దూకాడు. “ఆగు! ఆట కట్టు! అరకిలోమీటరు ఎక్కడ దాచావో చెప్పు!”

ఆ మనిషి బెదరలేదు. ఒక్క క్షణం ఆలోచించాడు. “అర కిలోమీటరు షామియానానా? గంత గుడ్డ నా దగ్గర లేదన్నా. మంత్రి మీటింగా ఏంది? ఎన్ని కుర్చీలు గావాలె?”

ఆయన పేరు మొగిలయ్య. ఉప్పల్‌లో టెంట్ హౌస్ ఉంది. స్టేడియం పక్కన ఆదివారం ఫంక్షనుకి జాగా కొలిచి, అన్నోజిగూడలో ఇంకో పెళ్లి పందిరికి కొలతలు చూడ్డానికి వచ్చాడు.

టిమోతి మంకీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “తప్పయిందే అన్నా, జర ఏమనుకోకు” అని అమ్మ భాషలో నాలుగుసార్లు అన్నాడు. ఆ ఉక్రోషం తీర్చుకోవడానికి ఆటో మీటరు మీద పడ్డాడు.

“పద్నాలుగు కిలోమీటర్లా! కాకా, గింత దూరం ఎట్లైతది?”

“తిరిగింది కనవడ్తలేదా? నాదేం చేతివాటం లేదు.”

అప్పుడే టిమోతి చేతికున్న వాచీ మళ్లీ కీచుమంది. దుర్గేష్ ఆ చేయి పట్టుకుని చూశాడు. బయల్దేరినప్పుడు బొత్తాం నొక్కిన దగ్గర్నుంచీ అది దారి పొడుగునా లెక్క పెట్టుకుంటూనే వచ్చింది. తెర మీద 12.6 అని ఉంది.

“దొరికింది!” టిమోతి గెంతాడు. “ఇక్కడ కూడా కొట్టేశారు! వరంగల్ రోడ్డులో దాదాపు కిలోమీటరున్నర మాయం!”

“ఎవలు కొట్టేస్తరన్నా?” అన్నాడు మొగిలయ్య. “స్టేడియం నుంచి గీడికి పన్నెండున్నర చిల్లర. నేను బండి మీద ఎన్నిసార్లు రాలే! రోడ్డు పొంటి కిలోమీటర్ రాళ్లున్నయి, లెక్కపెట్టుకోరాదు?”

దుర్గేష్ రోడ్డు పక్క రాయిని చూశాడు. వాచీని చూశాడు. మీటరుని చూశాడు. ఆఖర్న తండ్రి వైపు చూశాడు. కొమురెల్లి ఎక్కడలేని శ్రద్ధగా ముందు అద్దం తుడుస్తున్నాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

“నాయినా.”

కొమురెల్లి తుడుస్తూనే ఉన్నాడు.

“నాయినా, నీ మీటరు ఎక్కువ తిరుగుతదా?”

“జరంత” అన్నాడు కొమురెల్లి. “బండి కొన్ననాడే మెకానిక్ తోని జేయించిన. పదికి ఒకటి. గా మీటరు ప్యాసింజర్లకు బిడ్డా. ఇంట్లోళ్లకు గూడ గట్లనే తిరుగుతదని నా మతికే రాలే.”

దుర్గేష్ ఆటో మెట్టు మీద కూలబడ్డాడు. “రెండేండ్లు నాయినా! రెండేండ్ల సంది నాల దమ్ము లేదని నన్ను నేనే తిట్టుకున్న. గాడ ఇరవై ఆరున్నర పట్టిందంటే, నేను ఈడ రోజూ నాలుగున్నరే ఉరికిన. నా దమ్ము మంచిగనే ఉండె!”

కోపమూ వచ్చింది, అంతకంటే ఎక్కువ సంతోషమూ వచ్చింది. ఏది ముందు చూపించాలో తెలియక ఏడ్చాడు. కొమురెల్లి తుడిచే గుడ్డ కొడుకు చేతిలో పెట్టి, తను చొక్కా చేత్తో కళ్లు ఒత్తుకున్నాడు.

“గోంగూర గంప అడ్డొచ్చినా నేరస్థుడిని పట్టేశాను” అన్నాడు టిమోతి. అప్పటికే నోట్ బుక్కు తీసి రాసేసుకుంటున్నాడు.

ఆ పూట హబ్సిగూడ ప్రయాణం రద్దయింది. ఇంటికొచ్చి సంగతి చెబితే హిమజ మామగారిని ఒక్క మాట కూడా అనలేదు. వాచీ తీసుకుని, గ్లాసు మీది ప్లాస్టిక్ పొర గోటితో పట్టి సర్రున పీకేసింది.

“ఇంక ఇరవై రోజులుంది” అంది. “మామా, సున్నం ఉందా?”

సాయంత్రమే కొమురెల్లి మెకానిక్ దగ్గరికి పోయి మీటరు సరిచేయించుకున్నాడు. మర్నాడు వాచీ తన చేతికి కట్టుకుని ఇంటి నుంచి నడిచిపోయి, పాత గీతకి అరకిలోమీటరు అవతల కొత్త గీత పోశాడు. రోజూ కొడుకు పక్కన ఆటో నడుపుతూ “ఉరుకు బిడ్డా, ఉరుకు, ఇది అసలుది” అని అరిచాడు. మొదటి రోజు ఇరవై ఆరూ నలభై. రెండో వారానికి ఇరవై ఐదున్నర. సెలక్షన్ రోజున గీత దాటేసరికి ఇరవై నాలుగు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు.

టిమోతి బోర్డు మీద నాలుగో రంగులో ఇంకో లైను చేరింది, ‘పోయిన రోడ్లు వెతికి ఇవ్వబడును’. ఈ విజయం పేపర్లో వేయించాలని కేసు ఫైలు జిరాక్సులు తీసుకుని ఉప్పల్ బయల్దేరాడు. ఎక్కింది కొమురెల్లి ఆటోయే. దిగాక మీటరు చూసి కళ్లజోడు సవరించుకున్నాడు.

“కాకా, ఎప్పుడూ వచ్చేదానికంటే తక్కువ చూపిస్తోంది. నీ మీటర్లోంచి ఎవడో కిలోమీటర్లు దొంగిలిస్తున్నాడు. కేసు టేకప్ చేయనా?”

కొమురెల్లి చిల్లర ఇచ్చేసి బండి స్టార్ట్ చేశాడు.

“దొంగ దొరికిండు బిడ్డా” అన్నాడు. “వాని కొడుకే పోలీసయ్యిండు.”