నార్సింగిలో పంట కాలువ

ఆదివారం పొద్దున్నే ఉప్మా ముగించి, క్లబ్‌హౌస్‌లో కుర్చీలు వేయించి, పదింటికల్లా సభ మొదలుపెట్టాలని ఉదయశ్రీ అనుకుంది. ఆమె ఉండే నార్సింగి అపార్ట్‌మెంట్లలో 'ఈ నేల కథలు' అనే సభ అది. కాలనీల్లో కథలు చెప్పించే ఒక సంస్థ, సభ బాగుంటే క్లబ్‌హౌస్‌లో పిల్లలకు పుస్తకాల గది పెట్టిస్తామంది. షరతు ఒక్కటే. కథ చెప్పేవారు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవారై ఉండాలి.

ఉదయశ్రీ చాలా వెతికి, నార్సింగిలో పుట్టి మూసాపేటలో ఉంటున్న స్వామి అనే ఆయన్ని ఒప్పించింది. ఆయన ఆ పొద్దున ఫోన్ చేశాడు. "గొంతు పోయింది మేడం. జర ఏమనుకోకుండ్రి." ఆ ముక్కలు కూడా గాలిలాగే వినిపించాయి.

పుస్తకాల గది కళ్లముందే మూతపడినట్టయింది. ఈమధ్యే భీమవరం నుంచి వచ్చి, సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు అమ్మణ్ణి మీద ఉదయశ్రీ చూపు పడింది.

"అత్తయ్యా, మీ ఊరి కథ ఏదైనా చెప్పండి. ఊరి పేరు నార్సింగి అని మార్చేయండి. మధ్యమధ్య ఏంది, గిట్ల అంటే చాలు."

"అదేం పనే అమ్మాయ్! కావాలంటే ఎదురింటి చంద్రమ్మగారిని..."

"కబుర్లకు టైం లేదత్తయ్యా. నేత చీర కట్టుకోండి."

"అది కాదే, వాళ్లాయన..."

"కొప్పు కాస్త పైకి పెట్టనివ్వండి."

హాలు నిండింది. సంస్థ తరఫున వచ్చిన ప్రియదర్శిని ముందు వరుసలో కూర్చుంది. "ఈ నేల మీదే పుట్టి పెరిగిన గంగమ్మగారు" అని ఉదయశ్రీ మైకులో అత్తగారిని పరిచయం చేసింది. గొంతు కొంచెం కూడా వణకలేదు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెను ఎక్కువ బాధపెట్టింది అదే.

అమ్మణ్ణి మొదట తడబడినా, కథలో పడ్డాక ఆగలేదు. "గిట్ల పంట కాలువలో పడవ మీద పోతుంటే అండి, కొబ్బరిచెట్టు మీంచి ఏందండి, ఏకంగా పెళ్లికొడుకే దూకాడండి!"

అందరూ పగలబడి నవ్వారు, అపార్ట్‌మెంట్ల సంఘం కార్యదర్శి మధుకర్ తప్ప. అతను లేచి నిలబడ్డాడు. "ఆంటీ, ఆ కాలువ కరెక్ట్‌గా ఎక్కడుండేది?"

అమ్మణ్ణి కోడలి వైపు చూసింది. ఏదో ఒక చోటు చెప్పాలి కాబట్టి, "మన బేస్‌మెంట్ ఉన్నచోటే" అంది కోడలు.

"నేననుకుంటూనే ఉన్నా! వానొస్తే కార్లు మునిగేది అందుకే. బిల్డర్ కాలువ పూడ్చి కట్టాడు!"

చెరువుల్లో, కాలువల్లో కట్టిన ఇళ్లను ప్రభుత్వం కూల్చేస్తున్న రోజులవి. కథ సంగతి అందరూ మరిచిపోయారు. ఒకరు లోను అన్నారు, ఒకరు లాయరు అన్నారు. ఫ్లాటు అమ్మకానికి పెట్టుకున్న ఒకావిడ భర్తకు ఫోన్ చేసి, "ఎంతిస్తే అంతకిచ్చేయండి, ఇవాళే" అంది. మధుకర్ తన ఫోన్‌ను అమ్మణ్ణి ముందు పెట్టి, "రికార్డవుతోంది ఆంటీ. ఇదే మన సాక్ష్యం" అన్నాడు.

"సాక్ష్యమా! నేను చెప్పనండి బాబూ" అని అమ్మణ్ణి వెనక్కి జరిగింది.

చివరి వరుసలోంచి తెల్లపంచె కట్టిన పెద్దాయన లేచాడు. "కాలువ ఏడిదమ్మా? గీ భూమి మాది. జొన్నలేసినం. నీళ్లుంటె ఎందుకమ్ముకుంటం?"

"మీరెవరండీ?" అన్నాడు మధుకర్.

"ఐలయ్య. భూమిచ్చినందుకు బిల్డర్ మాకు ఫ్లాట్లిచ్చిండు. గా మేడం ఎదురు తలుపే మాది, మూడేండ్ల సంది." ఆయన ఉదయశ్రీని చూపించి, అమ్మణ్ణి వైపు తిరిగి నవ్వాడు. "నువ్వు గంగమ్మవెప్పుడైనవమ్మా? మొన్న మా చంద్రమ్మకు ఆవకాయిచ్చినప్పుడు భీమవరమంటివి గద!"

హాలంతా ఉదయశ్రీని చూసింది. లిఫ్టులో ఆయన కనబడ్డప్పుడల్లా తాను ఫోన్‌లోకి తల దించుకోవడం ఆమెకు గుర్తొచ్చింది. ఇప్పుడు దించుకోవడానికి చేతిలో ఫోనూ లేదు.

"ఈవిడ మా అత్తగారు. కాలువ నేను ఆడిన అబద్ధం" అని, అత్తగారి దగ్గరకు వెళ్లి గొంతు తగ్గించింది. "ఆయన సంగతి ముందే చెప్పొచ్చు కదత్తయ్యా?"

"రెండుసార్లు మొదలెట్టాను. నువ్వు కొప్పు సర్దావు."

మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది.

ప్రియదర్శిని ఉదయశ్రీని దాటి వెళ్లి, తన కుర్చీని ఐలయ్య వైపు తిప్పుకుని కూర్చుంది. "జొన్నల సంగతి చెప్పండి" అంది. ఆయన చెబుతుంటే చంద్రమ్మ వచ్చి, "గట్ల కాదయ్యా, మొదటి నుంచి చెప్పు" అని తానే అందుకుంది. భోజనాల వేళ దాటినా ఎవరూ లేవలేదు.

పుస్తకాల గది వచ్చింది. తాళం తీసింది చంద్రమ్మ. కుర్చీలు వేసింది ఉదయశ్రీ.

వానొస్తే బేస్‌మెంట్‌లో ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి. అపార్ట్‌మెంట్లలో అందరూ దాన్ని ఉదయశ్రీ కాలువ అంటారు.