లెన్స్ లేదన్న కెమెరా

ఆదివారం పొద్దున ఏడింటికి సంహిత బకెట్‌లో లెన్స్ పెట్టి, దాన్ని ప్లాస్టిక్ కవరుతో చుట్టి, పైన తడి తువ్వాలు కప్పి, హాస్టల్ మేడమెట్లు ఎక్కింది. బట్టలు ఆరేసుకోవడానికి తప్ప ఎవరూ మేడ మీదికి రాకూడదని హాస్టల్ నడిపే స్వరాజ్యంగారి ఆజ్ఞ. వారం కిందట ఆవిడ మెరూన్ పట్టు జాకెట్టు తీగ మీద నుంచి మాయమైంది. అప్పటి నుంచి అమ్మాయిలందరి పెట్టెలూ తలా ఒకసారి వెతికించింది. సంహిత పెట్టె మూడుసార్లు. నోరు మెదపని పిల్లలనే కనిపెట్టుకుని ఉండాలని ఆవిడ నమ్మకం.

సందుకు అవతల మూడంతస్తుల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. దాని నెత్తిన పెద్ద హోర్డింగు. హోర్డింగు వెనక ఇనుప చట్రంలో ఒక గద్ద గూడు పెట్టింది, గూట్లో రెండు పిల్లలున్నాయి. ఈ రోజు పది గంటలకు కొత్త ఫ్లెక్సీ కట్టేవాళ్లు వచ్చి చట్రమంతా దులిపేస్తారు. అది తెలిసి సంహిత ముందురోజే, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని ఇన్‌స్టిట్యూట్ సారు హనుమత్ప్రసాద్ దగ్గరికి వెళ్లి, గూడు తీయించొద్దని అడిగి, ఫోన్‌తో తీసిన దాని ఫోటో చూపించింది. ఆయన ఫోను అటు తిప్పి ఇటు తిప్పి, "చెత్తలా ఉందమ్మా" అన్నాడు. ఫోటోలో అది నిజంగా చెత్తలాగే ఉంది.

అక్కడి నుంచి ఆమె తిన్నగా పంజాగుట్ట పోయింది. మూసేస్తున్న ఫోటో స్టూడియోలో కనకయ్య అనే పెద్దాయన పాత సామానంతా అమ్ముతున్నాడు. రెండు సినిమా టికెట్ల ఖరీదుకు మూరెడు పొడుగు ఇనుప లెన్స్ ఇచ్చి, కెమెరాకు తగిలించే రింగు ఊరికే చేతిలో పెట్టాడు. "గిది ఫిల్ము కాలం నాటిది బిడ్డా. దానంతట అది ఏం చెయ్యది, నువ్వే తిప్పుకోవాలె. లోపల జర బూజు సుత ఉన్నది. ఫికర్ చెయ్యకు, బూజు బొమ్మల పడది."

కెమెరా మాత్రం గదిలో తోడుండే సుష్మితది. మేడ మీద ఇద్దరూ కలిసి లెన్స్ బిగించారు. తెర మీద 'లెన్స్ లేదు' అని వచ్చింది. విప్పి మళ్లీ బిగించారు. మళ్లీ అదే మాట.

"మన కెమెరా సుత స్వరాజ్యం ఆంటీ లెక్కనే," అన్నది సుష్మిత. "కండ్ల ముందున్నా లేదంటది."

లెన్స్ లేకపోయినా ఫోటో తీయమనే సెట్టింగు మెనూలో ఎక్కడో అడుగున దొరికింది. ఇక లెన్స్ తిప్పడం మొదలైంది. వెంట్రుకవాసి ఎక్కువ తిప్పితే గద్దపిల్ల పొగై పోతోంది, తక్కువ తిప్పితే చట్రం మేకు తేటగా కనిపిస్తోంది. ఊపిరి బిగబట్టి తిప్పుతున్న సంహితకు, సరిగ్గా ఆ గూటి కిందే మూడో అంతస్తు కిటికీలున్నాయన్న సంగతి గుర్తు లేదు.

కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడొకడు తనవైపు గురిపెట్టిన లెన్స్ చూసి జుట్టు దువ్వుకున్నాడు. పక్కవాడు కాలరు సర్దుకున్నాడు. అయిదు నిమిషాల్లో ఆదివారం బ్యాచ్ మొత్తం కిటికీల్లోకి వచ్చి చేతులూపింది.

బోర్డు మీద రాస్తున్న హనుమత్ప్రసాద్ వెనక్కి తిరిగి, ఖాళీ బెంచీలనూ, వాటికవతల లెన్స్‌నూ చూశాడు. పొద్దున చెప్పిన పాఠం సాయంత్రానికి జిరాక్స్ షాపులో పుస్తకమై వేలాడే అమీర్‌పేటలో ఆయనకు ఒక్క అనుమానమే వచ్చింది. చొక్కా చేతితోనే బోర్డు తుడిచేసి కిందికి పరుగెత్తాడు. అదే సమయానికి పాల ప్యాకెట్లతో వస్తున్న స్వరాజ్యంగారు, తన మేడ వైపు చేతులూపుతున్న ముప్ఫై మంది మగపిల్లలను చూసింది. ఇద్దరూ మెట్ల మీద కలుసుకున్నారు. పైకి చేరేసరికి నేరం రుజువైందని ఒప్పుకున్నారు. ఏ నేరమన్నది మాత్రం ఎవరిది వారిదే.

"తువ్వాలు ఆరేస్తానని వచ్చి మగపిల్లల్ని ఫోటోలు తీస్తున్నావా?" అంది స్వరాజ్యంగారు.

"మగపిల్లలు కాదండీ, నా బోర్డు. నిన్న గద్దా గద్దా అంటూ వచ్చి ఆఫీసంతా చూసిపోయింది. మొన్న కిటికీలో పెట్టిన నా ఐడీ కార్డు కొట్టేశారు, ఇవాళ పాఠం. ఏ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పంపించారమ్మా నిన్ను?"

"ఎవ్వలు పంపలే సార్. గద్ద పిల్లలు..." అని నసిగింది సంహిత.

"అన్నీ డిలీట్ చెయ్. లేదంటే సాయంత్రానికి గది ఖాళీ చెయ్. మీ నాన్నకి నేనే ఫోన్ చేస్తా," అంది స్వరాజ్యంగారు.

అప్పటికే హాస్టలంతా మెట్ల మీదికి వచ్చేసింది. నలుగురి కంటే ఎక్కువ మంది ముందు సంహిత ఎన్నడూ నోరు విప్పలేదు. అంతలో అవతల గోడకు నిచ్చెన ఆనిన చప్పుడు వినిపించింది. ఫ్లెక్సీవాళ్లు ముందే వచ్చారు.

"డిలీట్ చెయ్యను," అన్నది సంహిత.

"ఏంటీ?"

"చెయ్యను ఆంటీ. ముందు చూడుండ్రి. తర్వాత మా బాపుకు చేసుకోండ్రి, నంబరు నేనే చెప్త."

కెమెరా తెర వాళ్ల వైపు తిప్పింది. నోళ్లు తెరిచిన రెండు గద్దపిల్లలు, ఈక ఈకా లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. హనుమత్ప్రసాద్ వాటి వెనక తన బోర్డు కోసం వెతుకుతూ, "పెద్దది చెయ్" అన్నాడు. సంహిత పెద్దది చేసింది.

ఎడమ పిల్ల కింద మెత్తగా పరిచిన మెరూన్ పట్టు, దానికి జరీ అంచు. కుడి పిల్ల కింద నీలం తాడు, దానికి వేలాడుతున్న ఐడీ కార్డు, కార్డులో చిరునవ్వుతో హనుమత్ప్రసాద్.

సుష్మిత వాళ్లిద్దరి భుజాల మధ్య నుంచి తెరలోకి తొంగి చూసింది.

"సారుది, ఆంటీది ఒక్క గూట్లనే ఉన్నయే," అన్నది సుష్మిత. నవ్వు మెట్ల మీదుగా దిగి కింద టీ బండి దాకా పోయింది.

"అమ్మా సంహితా," అంది స్వరాజ్యంగారు వేరే గొంతుతో, "అది డిలీట్ చెయ్ తల్లీ."

"ఒక్క కాపీ కూడా ఉండకూడదమ్మా," అన్నాడు హనుమత్ప్రసాద్.

"చెయ్యను. ఎవ్వలకు చూపియ్య కూడ చూపియ్యను. కానీ పిల్లలు ఎగిరిపొయ్యేదాక మీరు ఫ్లెక్సీ ముట్టద్దు సార్. ఆంటీ, మీరు పెట్టెలు వెతికినోళ్లందరికి సారీ చెప్పాలె." ఒక్క క్షణం ఆగింది. "నాకు మూడుసార్లు."

హనుమత్ప్రసాద్ పిట్టగోడ మీదికి వంగి ఫ్లెక్సీవాళ్లను వెనక్కి పొమ్మన్నాడు. స్వరాజ్యంగారు మూడో సారీ కొంచెం నెమ్మదిగా చెప్పింది. నెలన్నర పాటు ఆ హోర్డింగు, ఎప్పుడో మొదలైపోయిన బ్యాచ్‌లో చేరమని అమీర్‌పేటను పిలుస్తూనే ఉంది.

బోర్డు మాత్రం ఒక్క ఫోటోలోనూ పడలేదు. పడినా ఎవరికీ అర్థమయ్యేది కాదని ఆ బ్యాచ్ పిల్లలే చెప్పారు.