అధ్యక్షులవారు పుట్టిన ఏడో నంబరు ఇల్లు

“ఆ పెద్దాయనకి జ్ఞాపకశక్తి ఎలా ఉందటే?” అని తల్లి కూతుర్ని అడిగింది.

కూతురు అద్దం ముందు నిలబడి మ్యూజియం వాళ్ళిచ్చిన నీలం కోటుకి గుండీలు పెట్టుకుంటోంది. “నాకేం తెలుసమ్మా. ఎనభై ఆరేళ్ళు. మొన్న టీవీలో ఎవరో సన్మానం చేస్తుంటే నిద్రపోతున్నాడు.”

“అట్లా నిద్రపోయేవాళ్ళతోనే భయం. పాతవన్నీ వాళ్ళకే గుర్తుంటాయి.”

“ఉంటే మంచిదేగా. తను పుట్టిన ఇల్లు తను చూసుకోడానికి వస్తున్నాడు. మధ్యలో నీకెందుకీ గాభరా?”

తల్లి ఒళ్ళో ఉన్న చొక్కాకి కాజా కుడుతూ కుడుతూ సూది వేలికి గుచ్చుకుంది. ఆవిడకి పాలు పొంగితే ఒక భయం, పొంగకపోతే రెండు భయాలు. కూతురు అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆసుపత్రులన్నీ మనసులోనే తిరిగి వచ్చేస్తుంది. అయితే ఈ ఒక్క విషయంలో మాత్రం ఆవిడ భయానికి ఆధారం ఉంది. ఆ ఆధారం పడగ్గదిలో, బీరువా వెనక, గోడకి మేకులు కొట్టి ఉంది.

దేశ మాజీ అధ్యక్షులవారు ఈ వీధిలో పుట్టారన్నది నిర్వివాదం. ఏ ఇంట్లో అన్నది తేల్చడానికి పదకొండు మంది విద్వాంసులతో కమిటీ వేశారు. కమిటీ మూడేళ్ళపాటు కూర్చుని, పాత జనన రిజిస్టరులో “ఏడో నంబరు ఇల్లు” అనే మాట వెలికితీసింది. ఆ మాట పట్టుకుని పదకొండు మందీ వీధిలోకి వచ్చి, ఏడో నంబరు ఇంటి ముందు ఆగి, ఫొటో దిగి, టీ తాగి వెళ్ళారు. పరిశోధన అక్కడితో సమాప్తమైంది.

ఈ వీధిలో యాభై ఇళ్ళు. ఒకప్పుడు నంబర్లు కాలవ వైపు నుంచి మొదలయ్యేవి. నలభై ఏళ్ళ కిందట పురపాలక సంఘం వారు, కమిషనరుగారి కారు పెద్ద రోడ్డు వైపు నుంచి వస్తుంది గనక, ఒకటో నంబరు ఆయనకి ముందుగా ఎదురుపడటం మర్యాదగా ఉంటుందని ఆలోచించి, లెక్క అటు నుంచి మొదలుపెట్టారు. దాంతో పాత ఏడు కొత్త నలభై నాలుగైంది, పాత నలభై నాలుగు ఏడైంది. ఇది పోస్ట్‌మ్యాన్‌కి తెలుసు. విద్వాంసులు పోస్ట్‌మ్యాన్‌ని అడగలేదు. అడిగే ఆచారం కూడా లేదు.

కొత్త నలభై నాలుగులో పంతొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నది ఈ తల్లి. రెండు గదులు, ఒక వంటగది. కమిటీ వచ్చి వెళ్ళాక సున్నాలు వేయించిన ఏడాది బీరువా జరిపితే, తుప్పు పట్టిన రేకు బిళ్ళ కనిపించింది. దాని మీద ఏడు అంకె. ఆ గది ఒకప్పుడు వీధి వసారా, గుమ్మం అటే ఉండేదట. ఆవిడ బీరువా మళ్ళీ తోసేసి, బస్సు డ్రైవరైన పెనిమిటికి చెప్పింది.

“ఆయన ఇక్కడ పుట్టాడంటే మనం ఎక్కడ చావాలి? నోరు మూసుకో,” అన్నాడాయన. ఆ కాపురంలో ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భాల్లో అదొకటి.

భయపడక ఏం చేస్తుంది? కొత్త ఏడో నంబరులో ఉండిన పళ్ళ డాక్టరుకి ఏం జరిగిందో ఆవిడ కళ్ళారా చూసింది. ముప్ఫై ఏళ్ళుగా వీధిలో అందరి పళ్ళూ పీకిన మనిషి. ఇల్లు జాతి సంపద అయిపోయిందని చెప్పి, వారం గడువిచ్చి, మెడలో దండ వేసి, “త్యాగశీలి” అని బిరుదిచ్చి, సామానుతో సహా సాగనంపారు. ఆయన ఇప్పుడు ఊరి చివర ఎవరివో మెట్ల కింద కుర్చీ వేసుకుని పీకుతున్నాడు. బిరుదు పత్రం కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నాడట.

డాక్టరు వెళ్ళి మ్యూజియం వెలిశాక ఆ ఇంట్లో అపూర్వమైన చారిత్రక వస్తువులు బయటపడ్డాయి. గది నడిమధ్య దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉంది. డాక్టరు దానికి లైటు వేలాడదీసేవాడు. అది ఉయ్యాల కొక్కెమని కమిటీ మూడు ఓట్లకి వ్యతిరేకంగా ఎనిమిది ఓట్లతో నిర్ణయించింది. రోగులు నోరు పుక్కిలించి ఉమ్మిన పింగాణీ తొట్టి, బాలుడికి తొలి స్నానం చేయించిన పాత్ర అయింది. చూడవచ్చిన తల్లులు తమ బిడ్డలకి కూడా అంతటి భాగ్యం పట్టాలని ఆ తొట్టి అంచు తాకి కళ్ళకద్దుకుంటారు. ఈ తల్లి కూడా ఒకసారి అద్దుకుంది. అందులో తన దవడపన్ను రక్తం కడిగిన సంగతి గుర్తున్నా, నలుగురూ చేసినప్పుడు తను చెయ్యకపోతే అనుమానం వస్తుందని.

రెండో గదిలో అధ్యక్షులవారి చెప్పులున్నాయి. రెండూ ఎడమకాలివే. “ఒకటి శ్రీవారిది, రెండవది లభ్యం కానందున కార్యాలయం వారిచే సమకూర్చబడినది” అని కింద రాసి ఉంది. మూడో గదిలో పెద్ద అద్దాల పెట్టె. “పదవిలో ఉండగా శ్రీవారు సంతకం చేయక తిప్పి పంపిన బిల్లులు” అని దాని మీద రాత. లోపల ఏమీ లేదు. జనం ఆ పెట్టె ముందే ఎక్కువసేపు నిలబడతారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూస్తారు.

ఇంతటి మ్యూజియంలో ఉద్యోగం దొరికినందుకు కూతురు మురిసిపోయింది. కూతురికి రేకు బిళ్ళ సంగతి తల్లి చెప్పలేదు. నిజం తెలిసిన పిల్ల రోజుకి ఆరుసార్లు ఆ పాఠం ఎలా చెబుతుంది?

ఆ రోజు పదింటికి మాజీ అధ్యక్షులవారు వచ్చారు. సన్నగా, వంగి, చేతికర్రతో. ఆయన తన మ్యూజియానికి రావడం ఇదే మొదలు గనక, ఆయన్ని లోపలికి ఎలా పంపాలో నిబంధనల్లో లేదు. టికెట్ లేనిదే ఎవరినీ వదలరాదని ఉంది. వృద్ధులకి ప్రవేశం ఉచితం, అయితే జనన ధ్రువపత్రం చూపించాలి. ఆయన జనన ధ్రువపత్రం లోపల గోడకి ఫ్రేము కట్టి వేలాడుతోంది. దాన్ని తెచ్చి చూపించాలంటే గోడ నుంచి తీయాలి. తీయాలంటే కమిటీ తీర్మానం కావాలి. ఆయన టికెట్ కిటికీ దగ్గర పావుగంట ఓపిగ్గా నిలబడ్డారు. ఆఖరికి మ్యూజియం డైరెక్టరుగారు ఒక ఉపాయం కనిపెట్టి, ఆయన్ని వస్తువుల జాబితాలో చేర్చి లోపలికి తీసుకువెళ్ళారు.

వీధివాళ్ళంతా వాకిట్లో పందిరి కింద కూర్చున్నారు. తల్లి మాత్రం గైడు తల్లి హోదాలో లోపల సందర్శకుల్ని ఆపే తాడు పక్కన నిలబడింది. కూతురు పాఠం మొదలుపెట్టింది. ఒక్క అక్షరం తప్పలేదు.

కొక్కెం కింద పెద్దాయన ఆగి, తలెత్తి చూశారు. “దీనికి ఏం కట్టారమ్మా?”

“తమరి ఉయ్యాల అండీ.”

“నన్ను చాప మీద పడుకోబెట్టేవాళ్ళు. ఉయ్యాల ఎక్కడిది, మా నాన్న కూలి మనిషి.”

కూతురు డైరెక్టరుగారి వైపు చూసింది. డైరెక్టరుగారు వినయంగా వంగారు. “అయ్యా, అప్పటికి తమరి వయసు సున్నా. మా కమిటీ సభ్యుల సగటు వయసు అరవై మూడు. ఇందులో ఎవరి మాట ప్రమాణమో తమరే సెలవియ్యండి.”

పెద్దాయనకి తర్కం నచ్చినట్టుంది, తలూపారు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగారు. “మా వంటగది గోడలో ఒక గూడు ఉండేది. మూడు మూలల గూడు. మా అమ్మ అందులో దీపం పెట్టేది. ఆ గూడేది?”

“అది కమిటీ దృష్టికి రాలేదండీ,” అన్నారు డైరెక్టరుగారు. అంటే లేదని అర్థం.

తల్లి వంటగదిలో, పొయ్యికి పైన, మూడు మూలల గూడు ఉంది. పంతొమ్మిదేళ్ళుగా అందులో ఉప్పు డబ్బా పెడుతోంది. వంటగదిలో అడుగుపెట్టని కూతురికి అది తెలియదు. అయిపోయింది, ఈయన ఇప్పుడు వీధి వెంట గూడు వెతుక్కుంటూ బయల్దేరతాడు, సాయంత్రానికి మాకు దండ వేస్తారు అనుకుంది. కానీ పెద్దాయన ఇంకేమీ అడగలేదు. చెప్పుల గదిలో తన చెప్పులు చూసి, తన కాళ్ళు చూసుకుని, వాకిట్లోకి నడిచి, చుట్టూ తాడు కట్టిన కుర్చీలో కూర్చున్నారు. తల్లీ కూతురూ వెనకే వచ్చారు.

పందిరి కింద డైరెక్టరుగారు ఉపన్యసించారు. “మహనీయుల పాదస్పర్శతో ఈ వీధి తరించింది. సందర్శకులు వెల్లువెత్తుతున్నారు. వారి కార్లకి చోటు లేక దేశం పరువు పోతోంది. కాబట్టి, చారిత్రక ప్రాముఖ్యం బొత్తిగా లేని నలభై నుంచి యాభై దాకా ఉన్న ఇళ్ళని తొలగించి, అక్కడ వాహనాలు నిలుపు స్థలాన్ని జాతికి అంకితం చేస్తున్నామని సంతోషంతో ప్రకటిస్తున్నాను.”

చప్పట్లు మోగాయి. నలభై రెండో నంబరు కమ్మరి, నలభై ఏడో నంబరు మంత్రసాని అందరికంటే గట్టిగా కొట్టారు. ఆయన ఏం చెప్పారో వాళ్ళు వినలేదు. వినకుండానే చప్పట్లు కొట్టారా అని మీరు నవ్వుతారేమో, మనం మాత్రం ఎన్నడు విని కొట్టాం కనుక.

“నియమం ప్రకారం అభ్యంతరాలకి అయిదు నిమిషాలు వ్యవధి ఇస్తున్నాం,” అని డైరెక్టరుగారు మంచినీళ్ళు తాగడానికి పక్కకి వెళ్ళారు.

తల్లి ఇన్నేళ్ళూ, మహానుభావుడు తన ఇంట్లో పుట్టాడని బయటపడితే ఇల్లు పోతుందని వణికింది. బయటపడనందుకు పోతుందని ఒక్కసారైనా తోచలేదు. ప్రపంచంలోని కీడంతా ముందుగా శంకించే తనకే తోచలేదంటే, డైరెక్టరుగారి బుర్ర సామాన్యమైంది కాదని ఒప్పుకోవలసిందే.

కూతురు చెయ్యి పట్టుకుని ఆపబోయింది. “అమ్మా, ఎక్కడికి? ఆయన దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు.”

“వదలవే,” అని తల్లి తాడు కిందుగా దూరి, పెద్దాయన కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

“పెద్దయ్యగారూ, మీ గూడు మా ఇంట్లో ఉంది,” అంది, గొంతు తగ్గించి. “మూడు మూలలదే. పాత నంబరు బిళ్ళ కూడా ఉంది, ఏడు. మీరు పుట్టింది మా ఇంట్లోనే. నేనే దాచాను. తప్పో ఒప్పో మీరే అనుకోండి.”

ఆయన చేతికర్ర మీద చేతులు మార్చుకున్నారు. “దీపం పెడతావా అందులో?”

“లేదయ్యా. ఉప్పు డబ్బా.”

ఆయన మొహంలో చిన్న నవ్వు వచ్చింది. “మా అమ్మ కూడా పగలు ఉప్పే పెట్టేది.”

“నాకు రెండు గదులు తప్ప లోకంలో ఇంకేం లేవయ్యా. మీరు మా ఇంట్లో పుట్టారంటే దండ వేసి పంపేస్తారు. పుట్టలేదంటే కూలగొట్టి కార్లు పెడతారు. నాలుగో తరగతి చదివినదాన్ని, నాకు మూడో దారి కనపడటం లేదు. మీరు దేశాన్ని ఏలినవారు. మేం ఆ ఇంట్లోనే ఉండేట్టు ఏదైనా ఒక మాట ఉంటే అది చెప్పండి. మీరేం చెప్పమంటే నేను అదే చెబుతాను.”

పెద్దాయన వీధికి కాలవ వైపు ఉన్న చివరకేసి చూస్తూ ఉండిపోయారు. తల్లి కదల్లేదు. కూతురు నీలం కోటులో చెమటలు కక్కుతూ తాడు అవతల నిలబడింది. డైరెక్టరుగారు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, గడియారం చూసుకుంటూ వచ్చి నిలబడ్డారు. నిద్రపోయారేమోనని తల్లి భయపడి ఆయన కళ్ళలోకి చూసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

“ఒకటే దారి ఉంది తల్లీ,” అన్నారాయన చివరికి. “నేను అసలు పుట్టకుండా ఉండాల్సింది. ఇప్పుడు దానికి కమిటీ ఒప్పుకోదు.”