అనంతయ్య ఎడమ చెవి

ఆ రోజుకు అనంతయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే పత్తి మిల్లుకు పోయి ఇంజను నడిపించి, దాన్ని తన కింద పనిచేసే సాయన్నకు అప్పజెప్పాలి. ఎండ ముదరకముందే బండి కట్టించుకుని, బీచుపల్లి దగ్గర పుట్టి పడవలో కృష్ణ దాటి, మర్నాటి సంతవేళకు పెబ్బేరు చేరాలి. అక్కడ ఒక పాడిబర్రెను కొనాలి. ఆ బర్రె కోసం భార్య ఈదమ్మ మూడేళ్లుగా పోరుతోంది.

అయితే అతనికి రెండు రోజులుగా పడిశం. రాత్రి ఈదమ్మ నువ్వుల నూనెలో ఎల్లిగడ్డ రెబ్బలు వేసి కాచి, గోరువెచ్చగా రెండు చెవుల్లో పోసి, మిల్లు నుంచి అతడే తెచ్చిన పత్తిని ఉండలు చేసి చెవులకు పెట్టింది. తెల్లవారాక కుడి చెవి ఉండ తలగుడ్డతోపాటు ఊడి వచ్చింది. ఎడమ చెవిది లోపలికి జారిపోయింది. ఆ సంగతి ఆలోచించే తీరిక అతనికి లేదు, రొట్టె తింటున్నాడు. జొన్నరొట్టె నమిలినప్పుడల్లా తల లోపల ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు మోగింది. పడిశమంటే అంతే కదా అని చెయ్యి కడుక్కున్నాడు. గడప దాటుతుంటే వెనక నుంచి ఈదమ్మ ఏదో అంది. ఏమందో వినబడలేదు. బర్రె సంగతి కాక ఇంకేముంటుంది?

"సరేలే, పాలిచ్చేదే తెస్త" అని తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

గద్వాలలో అనంతయ్య మేస్త్రి చెవికున్న పేరు చాలామందికి మనిషి మొత్తానికి కలిపినా ఉండేది కాదు. ఇనుప సలాక ఒక కొన ఇంజనుకు ఆనించి, రెండో కొన ఎడమ చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కళ్లు తెరిచి, ఏ మర వదులైందో, ఎక్కడ నూనె అందడం లేదో చెప్పేవాడు. ఇరవై ఏళ్లలో ఆ మాట తప్పలేదు. పేరు పెరిగిన కొద్దీ నోరు కూడా పెరగడం లోకంలో ఉన్నదే.

ముందురోజు సాయంత్రం మిల్లు ఎదుటి చాయ్ హోటల్లో ఆ నోరు కొంచెం ఎక్కువే తెరుచుకుంది. ఊరి దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు దశరథం అదే బల్ల మీద చాయ్ తాగుతున్నాడు. అతడు వింటున్నాడని తెలిసే అనంతయ్య అందుకున్నాడు.

"డాక్టరు పనిల ఏమున్నది? ఈడ నొస్తుంది, ఆడ గుంజుతుంది అని రోగే చెప్తడు. ఇని మందు ఇస్తడు. ఇంజను చెప్తదా? నోరు లేనిదాని రోగం పట్టాలె. అదీ విద్దె అంటే."

హోటల్ నిండా నవ్వులు. దశరథం కూడా నవ్వాడు.

"నిజమే మేస్త్రీ. మా పనిల జర కష్టమైంది ఒక్కటే ఉన్నది. ఏ రోగం లేనోనికి, నీకు రోగం లేదు పో అని చెప్పుడు."

"అది గూడ ఒక పనేనా?" అని అనంతయ్య మరింత గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వు వయసు ఒక్క రాత్రే. పొద్దున ఇంజను తిరగడం మొదలవగానే అతడు అలవాటు ప్రకారం సలాక తీసి ఎడమ చెవికి ఆనించాడు. రోజూ దగ్గరగా, సన్నగా వినిపించే టకటక లేదు. దాని బదులు ఎక్కడో లోతులోంచి 'ధన్, ధన్' మని గుద్దులు. అనంతయ్య ముఖం పాలిపోయింది. సలాక చోటు మార్చాడు. అక్కడా అదే. ఎక్కడ పెట్టినా అదే.

అతడు ఇంజను ఆపేసి, మిల్లు యజమాని తిరుపతయ్య సేటు దగ్గరికి వెళ్లాడు.

"పెద్ద బేరింగు పోయింది సేటు. ఇంకొక్క గంట తిప్పితే ఇంజను మనకు దక్కదు."

సేటుకు కూర్చున్నచోటే చెమట పట్టింది. అవి యుద్ధం రోజులు. బేరింగు బొంబాయి నుంచి రావాలి, వస్తుందన్న నమ్మకం లేదు. గేటు బయట పత్తి బండ్లు కోడికూత వేళ నుంచి నిలబడి ఉన్నాయి. మిల్లు ఆగితే ఆ ఏటి పత్తి అంతా రాయచూరు పోతుంది.

"నిన్న మంచిగనే ఉండె గద" అన్నాడు సేటు.

"నూనె పోయకుంటే ఎట్లుంటది?"

ఇంజనుకు నూనె పోసేది సాయన్న. పదేళ్లుగా నూనెడబ్బా అతని చేతిలోనే ఉంది. పుట్టుకతోనే మెత్తని గొంతు. మనిషి ఎప్పుడూ నిలబడేది ఇంజనుకు ఎడమ పక్క, అంటే అనంతయ్యకు కూడా ఎడమ పక్కే.

"నిన్న మాపటికి నూనె పోసినవా?" అని అనంతయ్య అడిగాడు.

"పోసిన మేస్త్రన్నా" అన్నాడు సాయన్న.

"అడుగుతున్న గద, పోసినవా లేదా?"

"పోసిన. డబ్బ సూడు, సగమైంది."

"నోరు తెరవవేంది?"

"అమ్మతోడు పోసిన" అని సాయన్న నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

అనంతయ్య సేటు వైపు తిరిగాడు. "సూడు సేటు. ఒక్కదానికి జవాబు చెప్తలేడు. తప్పు చేసినోనికి నోరెట్ల వస్తది? నెత్తిన చెయ్యి పెట్టుకుండు."

జవాబు సేటు విన్నాడు. గేటు దగ్గర నిలబడ్డ బండ్లవాళ్లు కూడా విన్నారు. అయినా అంతటి చెవి ఉన్నవాడు జవాబు కాదన్నాక అది జవాబెలా అవుతుందని సేటు అనుకున్నాడు. మిగతావాళ్లు సేటు ముఖం చూసి అలాగే అనుకున్నారు. సాయన్న చేతిలోంచి నూనెడబ్బా తీసుకుని, గేటు బయటికి నడవమన్నారు. అతడు ఇంకేదో అన్నాడు. అదీ అనంతయ్యకు వినబడలేదు.

తర్వాత అనంతయ్య ఇంజను విప్పాడు. గోనెసంచుల మీద ఒక్కొక్క భాగం పరిచి, చివరికి పెద్ద బేరింగు బయటికి తీశాడు. అది అద్దంలా మెరుస్తోంది. నిండా నూనె కారుతోంది. ఇంకెవరైనా అయితే అక్కడ ఆగి నాలిక కరుచుకునేవారు. అనంతయ్య మాత్రం కంటికి కనబడని పగులేదో ఉంటుందని దాన్ని ఎండకు పట్టి చూశాడు, నీడకు పట్టి చూశాడు, చివరికి వాసన కూడా చూశాడు. మళ్లీ అంతా బిగించి నడిపించాడు. సలాక పెడితే మళ్లీ 'ధన్, ధన్'.

"మాకు రోజూ లెక్కనే వినవడుతుంది" అన్నాడు గట్టు ఊరి నుంచి వచ్చిన బండి బాలన్న. "మా ఎద్దులకు గూడ ఫరక్ తెలుస్తలేదు."

"ఎద్దులకేం తెలుసు ఇంజను సంగతి?" అని అనంతయ్య రెండోసారి విప్పబోయాడు.

అప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చింది. సేటు ఇంకో మాట అనేశాడు. "కోపం తెచ్చుకోకు అనంతయ్యా. సాయంత్రంలోపట కాకుంటే రాయచూరు మేస్త్రిని పిలిపిస్త."

ఇరవై ఏళ్ల పేరు గోనెసంచి మీద పరిచినట్టయింది అనంతయ్యకు. పానా కోసం గబగబా చెయ్యి చాపాడు. ఆ కంగారులో ఇంకా చల్లారని పొగగొట్టాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. అరచేయి బొబ్బలెక్కింది. వద్దు వద్దంటున్నా బాలన్న అతన్ని బండిలో వేసుకుని దవాఖాన ముందు దించాడు. దారి పొడవునా అనంతయ్య డాక్టరు ఊళ్లో ఉండకూడదని మొక్కుకున్నాడు.

డాక్టరు ఉన్నాడు. నిన్నటి మాట ఎత్తలేదు. ఎడమ పక్కన కూర్చుని కాలిన చేతికి మందు రాస్తూ, "మంట ఎక్కువున్నదా?" అని అడిగాడు. అనంతయ్య గోడ వైపు చూస్తున్నాడు. దశరథం లేచి కుడి పక్కకు వచ్చి అదే అడిగాడు. "ఉన్నది సాబ్" అని వెంటనే జవాబొచ్చింది. దశరథం మళ్లీ ఎడమ పక్కకు వెళ్లి, అదే గొంతుతో, "మేస్త్రీ, నీ ధోతికి నిప్పంటుకున్నది" అన్నాడు.

అనంతయ్య తాపీగా గోడనే చూస్తున్నాడు.

డాక్టరు అతని తల ఒక పక్కకు వంచి, అద్దంతో కిటికీ వెలుతురు చెవిలోకి పడేలా చేసి, సన్నని పట్టకారు లోపలికి పోనిచ్చాడు. నూనెలో నాని, ఎల్లిగడ్డ వాసన కొడుతున్న పత్తి ఉండ చిటికెనవేలి కొసంత బయటికి వచ్చింది. వెంటనే గోడ గడియారం కొట్టుకోవడం, బయట బాలన్న ఎద్దులను అదిలించడం, పక్క గదిలో ఎవరో దగ్గడం, అన్నీ ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చాయి. అన్నిటి వెనక దూరంగా, పొద్దున నూనెడబ్బా పక్కన నిలబడి పెదవులు కదిపిన సాయన్న ముఖం కూడా వచ్చింది.

"చెవి సంగతి నువ్వు చెప్పలే" అన్నాడు దశరథం మెల్లగా.

అనంతయ్యకు తల ఎత్తబుద్ధి కాలేదు. "సాబ్, ఈ సంగతి..." అని ఆగిపోయాడు.

"రోగి సంగతి బయట చెప్పుడు మా పద్ధతిల లేదు. ఇది నీతోనే ఉంటది, నాతోనే ఉంటది" అని డాక్టరు ఆ ఉండను కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టాడు.

ఊళ్లో ఎవరికీ తెలియదన్న మాట మనిషికి ఎంత బలమిస్తుందో, అంత సిగ్గూ ఇస్తుంది. మిల్లుకు తిరిగి వచ్చి అనంతయ్య కట్టుకట్టిన చెయ్యి పక్కన పెట్టి, ఒంటిచేత్తో మరలు బిగించాడు. ఇంజను తిరిగింది. సలాక పెట్టాడు. దగ్గరగా, సన్నగా, రోజూ వినే టకటక. దానికి ఏ రోగమూ లేదు, ఎప్పుడూ లేదు. ఆరోగ్యంగా ఉన్నదాని కడుపు అతడు పొద్దున కోశాడు, మధ్యాహ్నం ఇంకోసారి కోయబోయాడు.

సేటు పరుగున వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. "సూసిన్రా? ఒంటిచేత్తోని బాగు చేసిండు. రాయచూరోడు ఎందుకు మనకు?"

"డాక్టర్లు చేస్తరా గీ పని?" అన్నాడు బాలన్న.

బండ్లవాళ్లందరూ అవునవునన్నారు. ఒక్కొక్క మెప్పు కాలిన చేతి మీద ఉప్పులా పడుతోంది. "ఇగ ఆ సాయన్న గేటు లోపలికి అడుగు పెట్టొద్దు" అన్నాడు సేటు ఉత్సాహంగా. గేటు అవతల బండిచక్రం పక్కన సాయన్న కూర్చుని ఉన్నాడు. నూనె మరకల చేతులు ఒళ్లో పెట్టుకుని, తిరుగుతున్న ఇంజను వైపే చూస్తున్నాడు. అది బాగా తిరుగుతున్నందుకు అతని ముఖంలో నిజంగానే సంతోషం ఉంది. అది చూశాక అనంతయ్య తట్టుకోలేకపోయాడు.

జేబులోంచి కాగితం పొట్లం తీసి సేటు ముందు విప్పాడు.

"బేరింగు పోలే సేటు. ఏం పోలే. ఇది నా చెవిల ఉండె. డాక్టరు సాబు తీసిండు. సాయన్న నూనె పోసిండు. జవాబు గూడ చెప్పిండు. నాకే వినవడలే."

సేటు ఆ ఉండను వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇది మన పత్తే గద" అన్నాడు చివరికి. మొదట బాలన్న నవ్వాడు. తర్వాత బండ్ల వరుస చివరిదాకా నవ్వు పాకింది. భూమి చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది అనంతయ్యకు. గద్వాల నేల అంత మెత్తనిది కాదు గనుక నూనెడబ్బా చేతిలోకి తీసుకుని గేటు దాకా నడిచాడు.

"సాయన్నా, తప్పయింది. నువ్వు మూడుమార్లు చెప్పినవంట."

"నాలుగుమార్లు" అన్నాడు సాయన్న డబ్బా అందుకుంటూ.

ఆ మెత్తని మాట అనంతయ్యకు స్పష్టంగా వినిపించింది. వినిపించకపోయినా బాగుండేదనిపించింది.

చీకటి పడకముందే బర్రె లేకుండా ఇల్లు చేరాడు. కథంతా అప్పటికే ఇంటికి చేరి ఉంది. ఈదమ్మ కట్టు చూసింది, చెవి చూసింది.

"పొద్దుగాల ఎనకనించి మొత్తుకున్న గద, ఎడమ చెవిల పత్తి ఉన్నది, తీసి పో అని. పాలిచ్చేదే తెస్త అన్నవు" అంది.

ఆ తర్వాత ఇంజను ఆగిన ప్రతిసారీ తిరుపతయ్య సేటు ముందుగా దవాఖానకే కబురు పంపేవాడు. డాక్టరు వచ్చి అనంతయ్య రెండు చెవులూ చూసి చీటీ రాసి ఇచ్చాకే అతని చేతికి పానా ఇచ్చేవారు.