కమిలిన మచ్చల కేసు

“నేరం గాలిలో కలిసిపోయినా సరే, నా ముక్కు దాన్ని తుమ్మి బయటపడేస్తుంది!” అని ప్రకటించాడు మా భూతద్దం. ఆ బిరుదు వాడికి వాడే ఇచ్చుకున్నాడు. వాడి చేతిలో ఉండే అసలు భూతద్దంలో అద్దం ఎప్పుడో పగిలిపోయింది. ఆ బోలు చట్రంలోంచే లోకాన్ని పరిశీలిస్తుంటాడు. స్నేహితుణ్ణయిన పాపానికి వాడి వెనకాల నేను.

ఆ ఉదయం వాడి మావయ్య పళ్లు తోముకుని ఉమ్మితే ఎర్రగా పడింది. చూస్తే చేతుల మీద, వీపు మీద నల్లగా కమిలిన మచ్చలు.

“ఎవరు కొట్టారు మావయ్యా?”

“ఎవరూ కొట్టలేదురా. ముట్టుకుంటే చాలు, కమిలిపోతోంది. నాకే భయంగా ఉంది. మీ అత్తయ్యతో అనకు, హడలిపోతుంది.”

భూతద్దం నన్ను పక్కకి లాగాడు. “విన్నావా? అత్తయ్యకి చెప్పొద్దట! హంతకురాలు ఇంట్లోనే ఉంది.”

“ఒరేయ్, ఆయన నిక్షేపంలా బతికుంటే హంతకురాలేంట్రా?”

“అడ్వాన్సుగా అన్నాను.”

మావయ్య తలగడ పక్కన రెండు మాత్రల అట్టలున్నాయి. ఒకటి గుండె ఆపరేషన్ నాటినుంచి వేసుకుంటున్న, రక్తం పలచన చేసే మాత్ర. రెండోది ఈమధ్యే ఇంకో డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్ర. “వీటి నిండా అత్తయ్య వేలిముద్రలే!” అంటూ రెంటినీ జేబులో కుక్కుకున్నాడు. గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచాడు: “ఈ ఇంట్లో ఓ ఇల్లాలు మొగుడి రక్తం కళ్లచూస్తోంది!”

కిటికీలన్నీ తెరుచుకున్నాయి. అత్తయ్య చీపురుతో వచ్చింది గానీ, చెయ్యి లేవలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఎంత మాటన్నావురా!”

భూతద్దం వెనక్కి అడుగేశాడు. అక్కడ మెట్టుందని డిటెక్టివ్ గమనించలేదు. చీలమండ బూరెలా పొంగింది.

వీధి చివరి డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్లాను. బల్ల మీద పడుకోబెట్టగానే జేబులోంచి మాత్రల అట్టలు జారిపడ్డాయి.

“ఈ రెండూ ఎవరు వేసుకుంటున్నారు?” అందావిడ.

“సాక్ష్యాలు ముట్టుకోకండి మేడమ్!”

“వీడి మావయ్యండీ,” అన్నాను నేను. “ఒళ్లంతా కమిలిపోతోంది, చిగుళ్లలోంచి రక్తం.”

ఆవిడ మొహం మారిపోయింది. “కొలెస్ట్రాల్ మాత్ర రాసిన డాక్టరుకి పాత మందు సంగతి చెప్పారా?”

“ఆయన అడిగుండడు, ఈయన చెప్పుండడు.”

“ఇది తోడైతే ఆ మందు జోరు పెరగొచ్చు. ఆయన్ని వెంటనే తీసుకురండి. దారిలో ఎక్కడా దెబ్బ తగలనివ్వకండి!”

పరుగున వెళ్లి మావయ్యనీ అత్తయ్యనీ ఆటోలో తీసుకొచ్చాను. పరీక్ష చేస్తే రక్తం ఉండాల్సినదానికన్నా బాగా పలచబడిపోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే లోపలెక్కడో రక్తనాళం చిట్లేదట. గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, పలచన మందు మోతాదు తగ్గించింది డాక్టరమ్మ. అంతసేపూ మావయ్య చెయ్యి వదల్లేదు అత్తయ్య.

బల్ల దిగి ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చాడు భూతద్దం. “చూశారా! ఆ మాత్రలని నేను మొదట్నుంచీ అనుమానిస్తూనే ఉన్నాను!”

అత్తయ్య వాణ్ణి ఎగాదిగా చూసింది. “ఆయన రక్తాన్ని పలచన చేసింది మాత్ర. నలుగురిలో నన్ను పలచన చేసింది నువ్వు. ఆయనకి మందు తగ్గించారు. మరి నీకేం తగ్గించాల్రా?”

“కొవ్వు,” అన్నాడు మావయ్య.