పదేళ్లలో ఇరవై రెండేళ్లు

ఆ శనివారం పొద్దున డెట్టా పెట్టుకున్న పని ఒక్కటే. భర్త ముత్తాత మలాకీ పుట్టిన సంవత్సరం చూసి, సమాధిరాయి చెక్కే డినీన్‌కు ఫోన్‌లో చెప్పాలి. మర్నాడే సమాధుల దీవెన, ఏటా చర్చి ఫాదర్ వచ్చి సమాధులన్నిటి మీదా పవిత్ర జలం చల్లే రోజు. కొత్త రాయి మీద మిగతావన్నీ చెక్కడమైంది, పుట్టిన సంవత్సరం చోటే బోసిగా ఉంది. అలాగే వదిలేస్తే ఐర్లండ్‌లోని ఆ మేయో జిల్లాలో ఏడాదిపాటు చెప్పుకుంటారు.

కంప్యూటర్లో పాత జనాభా లెక్కలు తెరిచింది. 1901లో మలాకీకి నలభై ఎనిమిదేళ్లు. హాయిగా అక్కడితో ఆగాల్సింది. కానీ ఏదైనా రెండుసార్లు సరిచూడనిదే ఆమెకు తోచదు. 1911 లెక్కలు కూడా తెరిచింది. మలాకీకి డెబ్బై. భార్యకూ డెబ్బయ్యే!

"పదేళ్లలో ఇరవై రెండేళ్లు పెరిగాడు మీ ముత్తాత," అంది భర్తతో. "ఈయన వేరే మలాకీ అయ్యుండాలి. మీ వంశంలో తరానికి నలుగురు మలాకీలేగా!"

"అయితే మనం ఏ మలాకీ పిల్లలం?" అన్నాడు ఫింటన్. పేపరు కొనడానికి వెళ్లి, ఆ సందేహాన్ని దుకాణంలో వదిలి వచ్చాడు.

పదకొండింటికల్లా పక్క పొలం ఫెస్టీ గుమ్మంలో ఉన్నాడు.

"ఏమ్మా, మీ మలాకీ అసలు మలాకీ కాదటగా! ఎండబెట్టి పొయ్యిలో కట్టెల్లా కాల్చే మట్టిపెళ్లలు మీరు తవ్వుకునే ఆ నేల మా తాత ఇచ్చింది అసలాయనకి. సోమవారం నుంచి మేమే తవ్వుకుంటాం."

"కాదని ఎవరన్నారు?"

"మీ ఆయనే!"

ఫింటన్ పేపరు వెనక్కి జారుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది. డినీన్.

"ఇద్దరు మలాకీలని చెక్కాలటగా, తల్లీ? రాయి మీద చోటు చాలదు."

డెట్టా జవాబు చెప్పేలోపే ఫింటన్ మేనత్త, ఎనభై ఎనిమిదేళ్ల విన్నీ అత్తయ్య, తలుపు తోసుకుని వచ్చింది.

"నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్న తాత దారినపోయే దానయ్యంటావుటే?"

డెట్టా కంప్యూటర్లో రెండు లెక్కలూ చూపించింది. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని రెండూ చదివి, పడీ పడీ నవ్వింది.

"పిచ్చిదానా! మధ్యలో ముసలివాళ్ల పెన్షన్ వచ్చిందే. డెబ్బై నిండితేనే ఇస్తారు. పుట్టిన కాగితం ఎవడి దగ్గరుందీ? ఊరు ఊరంతా ఒక్క చలికాలంలో ముసలిదైపోయింది. ఏం ఫెస్టీ, మీ తాతయితే సొంత అన్నకే అన్న అయ్యాడుగా!"

ఫెస్టీ టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

"హమ్మయ్య! అయితే 1853 అని చెక్కమంటాను," అంది డెట్టా.

"తాతను అబద్ధాలకోరుని చేస్తావా? ఆయన ప్రమాణం చేసి చెప్పింది 1841. అదే చెక్కించు. గవర్నమెంటుకి చదువు రాదనుకున్నావా?"

వాదించే ఓపిక డెట్టాకు లేదు. అదే చెక్కించింది.

ఆదివారం ఫాదర్ నీళ్లు చల్లుతూ రాయి దగ్గర ఆగారు. 1841, 1944. వేళ్ల మీద లెక్కపెట్టి, నూట మూడేళ్లా అని నోరు తెరిచారు. అంతకాలం బతకడంలో రహస్యమేమిటని అత్తయ్యనే అడిగారు.

"అబద్ధమాడకపోవడం, ఫాదర్," అంది విన్నీ అత్తయ్య.