ఏడో నంబరు సీసా

ఇలా దగ్గరికి జరగండి. ఇంకొంచెం. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు, అలాగని చెప్పకుండా ఊరుకునేదీ కాదు. చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉన్నవాళ్లు ముందే తాగేయండి. విన్నాక తాగబుద్ధి కాదు.

ఒక ఊళ్లో నీటి సరఫరా శాఖలో ఒకాయన ఉండేవాడు. అందరూ సీసాలాయన అనేవారు. ఊళ్లో ఉన్న పన్నెండు ట్యాంకుల దగ్గరికీ సైకిల్ మీద వెళ్లడం, ఒక్కొక్కటీ పైదాకా ఎక్కి మూత తీయడం, తాడు కట్టిన సీసాను లోపలికి దించి నీళ్లు నింపుకోవడం, తెచ్చి పరీక్షల గదిలో ఇవ్వడం, ఇదీ అతడి పని. ముప్పై ఏళ్లుగా అదే పని. ఇంకా రెండేళ్ల సర్వీసు మిగిలి ఉంది కానీ మోకాళ్లు మాత్రం ముందే రిటైరయ్యాయి. ఆ మోకాళ్ల సంగతి ఒకటుంది, దాని వేళ వచ్చినప్పుడు చెబుతాను.

ఒక గురువారం పొద్దున్నే అతడు అద్దం ముందు నిలబడి నెత్తి చూసుకుంటున్నాడు. వెతికినా ఒక్క నల్ల వెంట్రుక కనబడలేదు. కొత్తగా వచ్చిన పెద్దసారు సోమవారం నాడు బయట తిరిగే సిబ్బందిని ఒక్కొక్కరినే పిలిచి చూస్తాడట, ఒంట్లో సత్తువ అయిపోయినవాళ్లను ముందే ఇంటికి పంపేస్తాడట. ఏ ఇంటికి? సీసాలాయనకు ఉన్న ఇల్లే ఉద్యోగంతో వచ్చిన క్వార్టరు. రెండు గదులు, ఒక వంటిల్లు, పెరట్లో కుళాయి. ఉద్యోగం పోయిన నెల తిరక్కుండా తాళంచెవి అప్పగించాలి. అతడికీ భార్యకూ ఈ భూమ్మీద ఇంకో గుమ్మం లేదు. మోకాళ్లను ప్యాంటు దాచిపెడుతుంది, నెత్తిని ఏం దాచిపెడుతుంది?

దానికి మందు వదినగారి దగ్గర ఉంది. వదినగారంటే భార్యకు అక్క. రెండు వీధుల అవతల ఉండేది. చెల్లెలికి ఆరు నెలలుగా కడుపు కుదురుగా లేకపోవడంతో రోజూ వచ్చి వండిపెట్టి పోయేది. తిన్నది నిలవదు, నిలిస్తే నొప్పి. డాక్టరు మందులు మార్చాడు, ఆమె డాక్టర్లను మార్చింది, కడుపు మాత్రం మారలేదు. ఆ వదినగారికి అరవై దాటినా జుట్టు కాకి రెక్కలా నిగనిగలాడేది.

"బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు పారబోయకు మరిదీ. సీసాలో పోసి నాలుగు రోజులు పులియనివ్వు. కుదుళ్లకు పట్టించి, ఆరేదాకా ఉంచి కడిగేయ్. మా అత్తగారు పోయిన రోజున కూడా ఆవిడ తల నల్లగానే ఉంది."

"సోమవారానికి సరిగ్గా నాలుగు రోజులే ఉన్నాయి, ఇంక పట్టించి ఆరబెట్టేదెప్పుడు వదినా? పోనీ, మీ సీసాలోది కాస్త ఇవ్వండి."

"ఎవరి కడుగు వాళ్లే పులియబెట్టుకోవాలి. నాది నా తలకి అలవాటు పడిపోయింది."

అసలే చలికాలం, తొందరగా పులియదు. పైగా భార్య మంచం మీది నుంచే ఖరాఖండిగా చెప్పింది, ఆ కంపు ఇంట్లో పెడితే తాను వీధిలో పడుకుంటానని. అప్పుడు సీసాలాయన బుర్రలో ఒక దీపం వెలిగింది. పరీక్షల గదిలో ఇంక్యుబేటర్ ఉంది కదా. నీళ్లలోని క్రిములు పెరగడానికి రాత్రింబవళ్లు కోడి పొట్ట కింద ఉన్నంత వెచ్చగా ఉంచే బీరువా అది. నాలుగు రోజుల పులుపు అందులో ఒక్క రోజులో వచ్చేస్తుంది. పెరటి కుళాయి నీళ్లతో బియ్యం కడిగి, రెండో కడుగును ఆఫీసు సీసాలో నింపి, ఇంకా ఎవరూ రాకముందే తీసుకెళ్లి పై అరలో పెట్టాడు.

ఆ గదికో రూలుంది. లేబుల్ లేని సీసా లోపల ఉండకూడదు, లేబుల్ ఉన్న సీసా బయట పారేయకూడదు. సీసా పెట్టి బీరువా తలుపు వేయబోతుంటే ముప్పై ఏళ్ల అలవాటు అతడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఒక లేబుల్ తీసి, 'ఏడో నంబరు ట్యాంకు' అని రాసి, తేదీ వేసి అంటించాడు. వాళ్ల వీధులకు నీళ్లొచ్చేది ఆ ట్యాంకు నుంచే. నీళ్లు అక్కడివే కాబట్టి అబద్ధం రాయలేదని లోలోపల కాస్త సంతోషించాడు కూడా.

శుక్రవారం పొద్దున వెళ్లి చూస్తే పై అర ఖాళీ. ఊడ్చేవాళ్లు పారేసి ఉంటారనుకున్నాడు. ఎవరిని అడుగుతాడు, ఏమని అడుగుతాడు? ఉసూరుమంటూ ఇంటికొచ్చి వదినగారి కాళ్లావేళ్లా పడ్డాడు. చివరికి ఆవిడ ఆస్తి పంచి ఇస్తున్నంత ముఖం పెట్టి, తన ఇంటి నుంచి వారం నాటి సీసా ఒకటి తెచ్చి ఇచ్చింది.

ఆ మొదటి సీసాను తీసింది ఊడ్చేవాళ్లు కాదు. నీళ్లు పరీక్ష చేసే అమ్మాయి. పనిలో చేరి ఏడాది కాలేదు, రూలంటే ప్రాణం. ఏడో నంబరు వంతు శనివారమైతే సీసా గురువారమే వచ్చింది, అదీ అందరి కంట పడకుండా పై అరలో. తాను బాబాయ్‌గారు అని పిలిచే సీసాలాయనకు ఏదో అనుమానం తగిలి ముందే తెచ్చి ఉంటారని ఆమె నమ్మింది. మూత తీసింది, ముక్కు మూసుకుంది. నీళ్లు పాలలా ఉన్నాయి. పరీక్షకు పెట్టి, శనివారం పొద్దున చూసేసరికి, క్రిములను లెక్కపెట్టడానికి అంకెలు చాలలేదు. ఫలితం అంత ఘోరంగా ఉంటే ఎవరి కోసమూ ఆగకుండా నేరుగా పెద్దసారుకే ఫోన్ చేయాలన్నది ఇంకో రూలు. ఆమె చేసింది.

ఆ వేళకి సీసాలాయన పెరట్లో పీట మీద కూర్చుని, నెత్తికి పులిసిన కడుగు పట్టించుకుని ఆరబెట్టుకుంటున్నాడు. బాగా ఆరి, అట్టకట్టి, జుట్టు చీపురుపుల్లల్లా నిలబడ్డాక లేచి కుళాయి తిప్పాడు. కుళాయి ఒకసారి దగ్గి ఊరుకుంది. వీధిలోంచి మైకు బండి వెళ్తోంది. ఏడో నంబరు ట్యాంకు నీళ్లు తాగొద్దు, వాడొద్దు, సరఫరా ఆపేశాం అంటోంది. పై అరలోంచి పోయిన సీసా అతడికి గుర్తొచ్చింది. తల తుడుచుకుందామని తువ్వాలు అందుకునేలోపే గుమ్మంలో ఆఫీసు జీపు ఆగింది. పెద్దసారు సోమవారం దాకా ఆగలేదు, ఇప్పుడే రమ్మన్నాడు. ఆ తువ్వాలే తలకు చుట్టుకుని జీపెక్కాడు.

ఆఫీసు గేటు ముందు ఖాళీ బిందెలు, బకెట్లు, వాటి వెనక మనుషులు. లోపల పెద్దసారు, పక్కన పరీక్షల అమ్మాయి. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఈయనే సార్. బాబాయ్‌గారు పసిగట్టకపోతే మనకెవరికీ తెలిసేది కాదు."

"మీరే తెచ్చారా ఆ సీసా?" అన్నాడు పెద్దసారు.

క్వార్టరు తాళంచెవి జేబులో బరువుగా తగిలింది. "నేనే సార్," అన్నాడు సీసాలాయన. అంతవరకూ నిజమే.

పెద్దసారు రెండు చేతులూ పట్టుకున్నాడు. అంతలో ముక్కు ఎగబీల్చాడు. గదిలో అందరూ ఎగబీల్చారు. వాసన తువ్వాలు చుట్టిన తల నుంచే వస్తోందని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. "పొద్దున తలస్నానం చేశారా?" అని అడిగాడు పెద్దసారు. సీసాలాయన ఏ పక్కకు ఊపాడో అతడికే తెలియని తల ఊపు ఒకటి ఊపాడు. అంతే, పెద్దసారు అతణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తువ్వాలు తీయించి, వచ్చినవాళ్లందరికీ ఆ తల చూపించడం మొదలుపెట్టాడు. ఆ నీళ్లు పోసుకుంటే మనిషి ఏమవుతాడో చూడండి అన్నాడు. జనం తొంగి తొంగి చూసి ముక్కున వేలేసుకున్నారు. ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. ట్యాంకులోని నీళ్లన్నీ వదిలేయమని ఉత్తర్వు వెళ్లింది.

ఇదంతా ఎలాగోలా దాటిపోతుందని, సాయంత్రానికి కుళాయిలు వస్తాయని సీసాలాయన అనుకుంటూ ఉండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లకూ ఏడో నంబరు నీళ్లే. కిడ్నీలు పాడైనవాళ్లకు రక్తం కడిగే యంత్రం ఆగిపోయిందట. నలుగురు మంచాల మీద ఎదురుచూస్తున్నారట. ఒకావిడ సాయంత్రం దాకా తట్టుకోదట.

సీసాలాయన తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"సార్, ట్యాంకు నీళ్లు వదలొద్దని చెప్పండి. ఆ సీసాలోవి బియ్యం కడిగిన నీళ్లు సార్. నా తలకని పులియబెట్టుకున్నాను."

పరీక్షల అమ్మాయి ముఖంలో దీపం ఆరిపోయింది. పెద్దసారు ట్యాంకు దగ్గరున్న మనుషులకు ఫోన్ కలిపాడు. అవతలి నుంచి వాళ్లు ఏదో చెప్పారు. పెద్దసారు కుర్చీలోంచి లేచాడు. ఆసుపత్రికి పక్క ఊరి నుంచి ట్యాంకర్లు పంపమని అమ్మాయికి చెప్పి, సీసాలాయనను జీపు ఎక్కించుకుని ఏడో నంబరు దగ్గరికి వెళ్లాడు.

పెద్దసారు పైకెక్కాడు. సీసాలాయన కిందే నిలబడ్డాడు. పైన గాలి కోసం పెట్టిన కంత ఒకటుంది, దానికి కట్టిన జాలీ ఎప్పుడో తుప్పు పట్టి రాలిపోయింది. అందులోంచి పావురాలు దూరాయి. దూరినవి దూరినట్టే నీళ్లలో పడ్డాయి. కొత్తవి పైన తేలుతున్నాయి, పాతవి అడుగున పొరలు కట్టి ఉన్నాయి. పెద్దసారు దిగి వచ్చేసరికి ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. సీసాలాయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమైతేనేం. మీ బియ్యం నీళ్లు ఊరిని కాపాడాయి."

సీసాలాయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. క్వార్టరు, రెండు గదులు, పెరటి కుళాయి అన్నీ కళ్ల ముందు తిరిగాయి. పెద్దసారు జీపు దాకా నడిచాడు, ఆగాడు, వెనక్కి చూశాడు.

"మూత బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. రంపంతో కోసి తీశారు. మీరు ప్రతి శనివారం దాన్ని ఎలా తీసేవారు?"

ఇప్పుడు ఆ మోకాళ్ల సంగతి. ఏడో నంబరు ట్యాంకుకు నూట ఇరవై ఆరు మెట్లు. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తు అదే. రెండేళ్ల కింద ఒక శనివారం అతడు ముప్పయ్యో మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ రోజుకని దిగి వచ్చి, ఆఫీసు వెనక, శుద్ధి చేసిన నీళ్లు తిన్నగా వచ్చే కుళాయి దగ్గర సీసా నింపి, ఏడో నంబరు అని రాసి ఇచ్చాడు. పరీక్షలో అద్దంలా వచ్చింది. తర్వాతి శనివారం ముప్పై మెట్లు కూడా ఎక్కలేదు. ఆ రెండేళ్లలో ఆ వీధుల్లో కడుపు జ్వరాలు ఎందరికి వచ్చాయో, వచ్చి ఎందరు పోయారో ఎవరూ లెక్క కట్టలేదు.

సోమవారం రాకుండానే అతడి ఉద్యోగం పోయింది. ట్యాంకర్లు వేళకి అందడం వల్ల ఆసుపత్రిలో ఆ నలుగురూ గట్టెక్కారు. తాళంచెవి అప్పగించి, సామాను తోపుడుబండి మీద వేసుకుని దంపతులు వదినగారింటి వసారాలో చేరారు. కడిగిన ట్యాంకు నుంచి నీళ్లొచ్చిన పది రోజులకే భార్య కడుపు నెమ్మదించింది. అతడు ముంచి ఇచ్చిన నీళ్లు మాత్రం ఆమె మళ్లీ ఏనాడూ తాగలేదు.

జుట్టు తెల్లగానే ఉండిపోయింది. వేళకి కడుక్కోకపోవడం వల్లే అలా అయిందని వదినగారు ఇప్పటికీ అంటుంది.

ఈ కథ గుర్తుపెట్టుకోండి, మీ తర్వాతివాళ్లకు చెప్పండి. చెప్పేటప్పుడు జుట్టు సంగతి మరిచిపోయినా నష్టం లేదు. రెండేళ్లలో ఏడో నంబరు పేరు మీద సీసాలాయన ఇచ్చిన సీసాల్లో ఆ ట్యాంకు నీళ్లున్నది బియ్యం కడుగు సీసా ఒక్కటేనని మాత్రం చెప్పడం మరవకండి.